ఎవరి నంబరు వాళ్ళే

పోయినవారం మనం బిల్డక్కను ఆఫీసు లిఫ్టు ముందు నిలబెట్టి వదిలేశాం. తలుపులు తెరుచుకున్నాయి, లోపల ఎవరూ లేరు, అయినా ఆవిడ కాలు ముందుకు పడలేదు. ఎందుకు పడలేదో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆవిడ పనిచేసే కంపెనీ లిఫ్టులను నడిపించే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఈమధ్య ఊరి మీదికి పంపిన కొత్త ప్యాకెట్‌లో ఎలాగో తలుపుల పాత కోడు దూరిపోయింది. మనిషి అడ్డంగా ఉన్నా క్షణం ఆగని తలుపు అది. ఒక అపార్టుమెంటులో చేతికర్రతో నిదానంగా బయటికి వస్తున్న పెద్దావిడను ఆ తలుపు తోసేసింది. తుంటి ఎముక విరిగి ఆవిడ ఆసుపత్రిలో పడుంది. తలుపుల ఫైలులో చివరిసారి చెయ్యి పెట్టింది ఎవరని చూస్తే, బిల్డక్క సొంత మరిది. ఆవిడ చెబితేనే ఉద్యోగంలో చేరినవాడు, ఆవిడ ఇంటి మేడ మీద గదిలో భార్యతో కాపురం ఉంటున్నవాడు. ఈ సాయంత్రంలోగా అతని సంగతి తేల్చేస్తామని పైవాళ్ళు కబురు పెట్టారు.

లిఫ్టును ఖాళీగానే పైకి పోనిచ్చి బిల్డక్క మెట్లదారి పట్టింది. ఆఫీసు ఐదో అంతస్తులో ఉంది. ఆవిడ మోకాళ్ళకు ఆ సంగతి రెండో అంతస్తులోనే తెలిసిపోయింది. మూడో అంతస్తు మలుపులో చేతిసంచి కిటికీ గట్టు మీద పెట్టి ఊపిరి పీల్చుకుంటూ ఉంటే, ఖాళీ నీళ్ళ క్యాను భుజాన వేసుకుని వాచ్‌మన్ దిగుతూ కనిపించాడు.

"ఏం బిల్డక్కా, లిఫ్టు బాగానే ఉందిగా?"

"అది బాగానే ఉందయ్యా. నేనే బాగాలేను."

మనవలున్న మనిషి వాచ్‌మన్. అతనికీ ఈవిడ అక్కే. తలా ఒకరు రాసిన ముక్కలన్నీ పోగేసి ఒక్క ప్యాకెట్‌గా కట్టడం, అంటే బిల్డు చేయడం ఆవిడ పని. చేరిన కొత్తలో ఎవరో కుర్రాడు సరదాకి పెట్టిన పేరు, ఆ కుర్రాడు ఉద్యోగం మానేసి పోయినా పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. మొదట్లో కోప్పడేది. ఇప్పుడు కోప్పడే ఓపిక కూడా లేదు.

ఆ లిఫ్టు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఏ కొత్త ప్యాకెట్ అయినా ఊళ్ళోకి పోయేముందు ఈ ఆఫీసు లిఫ్టులోకే ఎక్కాలి. కంపెనీ పెట్టినాయన పెట్టిన ఆచారం అది. మనం ఎక్కని లిఫ్టులో జనాన్ని ఎక్కించకూడదు అనేవాడట. గొప్ప మాటే. కానీ ఇక్కడ ఎక్కి దిగేదంతా కాళ్ళు గట్టిగా ఉన్న జనం. తలుపు కాస్త ముందే మూసుకుంటే ఒక్క గెంతులో దూరిపోయి, చేతిలో ఫోను చూసుకుంటూ నిలబడతారు. అందుకే తలుపుల తేడా ఇక్కడ ఎవరి కంటా పడలేదు. చేతికర్ర ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళాకే అది బయటపడింది.

బిల్డక్క మళ్ళీ సంచి అందుకుంది. ఆవిడ కాళ్ళకంటే మనసు ఎక్కువ అలిసిపోయి ఉంది. ఇంట్లో మాటలు లేవు. పొద్దున వంటగదిలో తోడికోడలు గిన్నెలు సర్దుతూ, ఇటు తిరగకుండానే, "మీరు తలుచుకుంటే ఆపలేరా అక్కా?" అని అడిగింది. ఆపడానికి ఆవిడ దగ్గర ఏముంది? అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి మరొకటుంది. నిన్న ఒక పూటంతా ఆవిడ కూడా మరిదిని అనుమానించింది.

అనుమానం ఎందుకు రాదు? అతను చెప్పేదానికీ జరిగినదానికీ పొంతన లేదు. ప్రతి ఫైల్లోనూ ఎన్నో కోడు వాడాలో చెప్పే నంబరు ఒకటి ఉంటుంది. "తలుపుల ఫైల్లో నంబరు తీసేసిన మాట నిజమే వదినా. పైన తల్లి ఫైల్లో అదే నంబరుంది కదా, రెండు చోట్ల ఎందుకని తీసేశాను" అంటాడు. ప్యాకెట్లు కట్టే ప్రోగ్రాం ఒకటుంది, బిల్డ్ టూలు అంటారు; దాన్ని అడిగితే అదీ అతని పక్షమే. ఆ రోజు ఫైలును చూపించమంటే కొత్త తలుపు నంబరే చూపిస్తోంది. మరి ప్యాకెట్‌లోకి పాత తలుపు ఎలా వచ్చింది? అంటే అతను ముందు ఏదో తప్పు నంబరు పెట్టి, పని చెడ్డాక మెల్లిగా చెరిపేసి ఉండాలి అన్నారు పైవాళ్ళు. తప్పు చేశాడన్నా ఇల్లంతా ఎలాగో దిగమింగేది. అబద్ధమాడాడు అన్న మాట దగ్గరే అందరికీ ముద్ద దిగలేదు.

ఐదో అంతస్తు చేరి, కుర్చీలో కూలబడి, బిల్డక్క కంప్యూటరు తెరిచింది. మరిది కుర్చీ ఖాళీగా ఉంది. కాఫీకి వెళ్ళి ఉంటాడులే అనుకుంది. ఆ రోజు ఫైలు ప్రతిని మరోసారి చూద్దామని టూలుకు ఆజ్ఞ ఇచ్చింది. టూలు తన మామూలు పద్ధతిలో తల్లి ఫైలునీ పిల్ల ఫైళ్ళనీ కలుపుకుంటూ, నింపుకుంటూ తాపీగా తిరగడం మొదలుపెట్టింది. ఎదురుచూసే ఓపిక లేక, ఆవిడ ఆ ఫైలును మామూలుగా, ఉత్తరం ముక్క తెరిచినట్టు తెరిచేసింది. టూలు మాట వినకుండా, ఉన్నది ఉన్నట్టు. ఈ ఆఫీసులో దానికి పచ్చిగా చదవడం అని పేరు.

పచ్చిగా చదివితే అక్కడ నంబరు లేదు. ఉండదు, అతను తీసేశాడుగా. ఆ సంగతి ఆవిడకు తెలియనిదేం కాదు. కానీ తెలిసి ఉండటం వేరు, కళ్ళెదుట పేరు కింద ఆ ఖాళీని చూడటం వేరు. పేరుంది, కింద ఇంకేవో వివరాలున్నాయి, నంబరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. చూస్తూ చూస్తూ ఉండగా ఆవిడకు ఒక సంగతి తట్టింది. ఇలా పచ్చిగా చదివేది ఈ ఆఫీసులో ఇంకొకటి కూడా ఉంది. అది ఆవిడ చేత్తో రాసిన ప్లగిన్.

ఇది కాస్త విడమరిచి చెప్పాలి. భయపడకండి, వంటిల్లు తెలిసినవాళ్ళకి ఇది తెలిసిపోతుంది. లిఫ్టులో తలుపులకొక ఫైలు, దీపాలకొక ఫైలు, బ్రేకుకొక ఫైలు. వీటన్నిటికీ పైన ఒక తల్లి ఫైలు. పిల్ల ఫైలు ఏదైనా సంగతి చెప్పకుండా ఊరుకుంటే, తల్లి చెప్పిందే దానికీ వర్తిస్తుంది. బిల్డ్ టూలుకు ఈ మర్యాద తెలుసు. పిల్ల దగ్గర ఖాళీ కనిపిస్తే వెళ్ళి తల్లిని అడిగి, నింపి, వండిన ఫైలును మనకు వడ్డిస్తుంది. ఇన్నాళ్ళూ అందరూ చూస్తున్నది ఆ వండిన ఫైలునే.

ప్లగిన్ అంటే ఆ టూలుకు తగిలించుకునే చిన్న అదనపు పనిముట్టు. ఎన్నో ఏళ్ళ కిందట బిల్డక్క దాన్ని రాసింది ఫైళ్ళలో నంబర్లు మార్చడానికి. ఆ పనికి పచ్చి ఫైలే కావాలి. వండినదాన్ని చదివి తిరిగి రాస్తే తల్లి మాటలన్నీ పిల్ల ఫైళ్ళలోకి ఒలికిపోయి నానా కంగాళీ అవుతుంది. అంతవరకూ ఆవిడ చేసింది సరైన పనే. తరవాత ప్యాకెట్ కట్టే పని కూడా ఆ ప్లగిన్ నెత్తినే పడింది. గడువు తరుముకొస్తోంది. ఎలాగూ చదివే ముక్క ఒకటి రాసి ఉంది కదా, దాన్నే వాడేశారు. నంబరు కనిపించకపోతే ఏం చేయాలి అనే ప్రశ్న వస్తే, కనిపించకపోవడం జరగదులే అనుకుని, మొట్టమొదటి నంబరు, అంటే అన్నిటికంటే పాత కోడు, వేసెయ్యమని ఒక వరుస రాసి పెట్టింది బిల్డక్క.

జరగదులే అని ఎందుకనుకుంది? ఆఫీసులో ఒక కట్టుబాటు ఉండేది. తల్లి ఫైల్లో ఉన్నా సరే, ఎవరి నంబరు వాళ్ళే రాసుకోవాలి. అది ఎక్కడా రాసిపెట్టలేదు. పాతవాళ్ళందరికీ తెలుసు, తెలిసినవాళ్ళెవరూ దాన్ని తప్పలేదు. కొత్తగా వచ్చినవాడు ఒకే మాట రెండు చోట్ల ఉండకూడదని చదువుకుని వచ్చాడు. తీసేశాడు. అతను చేసింది పద్ధతి ప్రకారం తప్పు కాదు. ఇక్కడి రివాజు అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఒకే బల్ల దగ్గర కూర్చుని రోజూ భోంచేస్తూ నేనైనా చెప్పలేదు, అనుకుంది బిల్డక్క.

మరిది, తోడికోడలు ఇంట్లో దిగిన కొత్తలో ఇలాగే అయింది. స్నానాలగది గడియ కాస్త పైకెత్తి నెట్టితే గానీ పడదు. ఇంట్లో అందరి చేతులకూ అది అలవాటే, వాళ్ళకెవరూ చెప్పలేదు. తోడికోడలు ఒకసారి లోపల ఇరుక్కుపోయి గోలపెట్టింది. బయటికొచ్చాక మరిది నవ్వుతూ, "ఈ ఇంట్లో ఏదైనా తప్పు చేశాకే చెబుతారు వదినా" అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. ఇవాళ ఆ మాట గుర్తొచ్చి ఆవిడకు మొహం చెల్లలేదు. మధ్యాహ్నం భోజనం కూడా ముట్టుకోకుండా, ప్లగిన్ కోడునూ ఆ ఖాళీ ఫైలునూ పక్కపక్కన పెట్టి నడిపించి చూసుకుంది. నడిపించిన ప్రతిసారీ పాత తలుపే వచ్చింది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మేనేజరు గదికి బయలుదేరింది.

మేనేజరుకు ఆఫీసులో సర్దుబాటు అని పేరు. ఎవరు ఏ గొడవతో వెళ్ళినా "సర్దుకుపోదాం" అంటాడు కాబట్టి. ఆవిడా అతనూ ఒకేసారి చేరారు. ఒకే టిఫిన్ డబ్బా మూత మీద ఇద్దరూ తిన్న రోజులున్నాయి. అందుకే గాజు తలుపు వేసి ఉన్నా తట్టకుండా లోపలికి వెళ్ళిపోయింది.

"దొరికిందయ్యా," అంది.

"ముందు కూర్చో."

"కూర్చుంటే లేవలేను. నిలబడే చెబుతాను."

చెప్పింది. తల్లి ఫైలు, పచ్చి ఫైలు, ఖాళీ, తన ప్లగిన్, తను రాసిన ఆ వరుస, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ సర్దుబాటు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూనే ఉన్నాడు. ఆవిడ ఆపాక కూడా తుడవడం ఆపలేదు.

"ఏమయ్యా, వింటున్నావా?"

"విన్నాను. పొద్దున కూడా విన్నాను."

"పొద్దునేంటి?"

"మీ మరిది వచ్చాడు. ఇదంతా నీకంటే చక్కగా చెప్పాడు, బోర్డు మీద బొమ్మ గీసి మరీ."

బిల్డక్క గోడకున్న తెల్లబోర్డు వైపు చూసింది. సగం తుడిచిన బొమ్మ. పైన పెద్ద గడి, కింద చిన్న చిన్న గడులు, ఒక గడి మధ్యలో ఖాళీ. పక్కనుంచి వచ్చిన బాణం పెద్ద గడిని తాకకుండా నేరుగా ఆ ఖాళీలోకి వెళ్ళింది. బాణం తోక దగ్గర ఏదో రాసి, దాన్ని మాత్రం చేత్తో గట్టిగా చెరిపేసినట్టుంది.

"మరి తేలిపోయిందిగా! అతని తప్పు లేదని పైకి చెప్పావా?"

సర్దుబాటు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "లేదు. తప్పు తనదేనని చెప్పమన్నాడు. నిన్ను ఇందులోకి లాగొద్దన్నాడు."

"ఏంటీ?"

"'వదిన ఇన్నేళ్ళుగా కష్టపడి తెచ్చుకున్న పేరు సార్ ఇది. నేను వచ్చి ఏడాదైనా కాలేదు, నాకు ఇంకో చోట దొరుకుతుంది' అన్నాడు. అనేసి బోర్డు తుడిచేశాడు."

బిల్డక్క ఆ తుడిచిన బోర్డు వైపే మళ్ళీ చూసింది. నిన్న పూటంతా తను ఎవరిని అనుమానించిందో ఆ మనిషి, అదే సమయంలో తన ప్లగిన్‌ను వరుస వరుసా చదువుతూ కూర్చున్నాడన్నమాట. చదివి, అర్థం చేసుకుని, ఇంట్లో ఎదురుపడి కూడా ఒక్క ముక్క అనలేదు. తనే కంచం ముందు తల వంచుకుని తినేసి లేచి వెళ్ళింది.

"నువ్వు సరేనన్నావా?" అని అడిగింది చివరికి.

"ఏం చెయ్యమంటావు? సర్దుకుపోదామన్నాను."

"ఎవరిని సర్దావయ్యా? ఒక మనిషి బతుకు తీసి చెత్తబుట్టలో సర్దావు."

"అరవకు. నా తలనొప్పి నాకుంది." అతని గొంతు కూడా అరిగిపోయినట్టే ఉంది. "నువ్వే చెప్పు. నిన్ను పంపిస్తే ఆ ప్లగిన్ తెరిచి చదవగలిగేవాళ్ళు ఇక్కడ ఎవరున్నారు? పైవాళ్ళకి ఒక పేరు కావాలి, సాయంత్రంలోగా కావాలి. అతనే వచ్చి తన పేరు ఇచ్చాడు. నేను అడగలేదు. ఇంకో మాట కూడా చెబుతున్నాను విను. ఆ రోజు, 'ఎలాగూ చదివేది రాశావుగా, అదే వాడెయ్' అన్నది నేను. నాకు గుర్తుంది. నీ పేరు బయటికొస్తే నా పేరూ వస్తుంది. చాలా? ఇంకేమన్నా దాచానా?"

ఇంత సూటిగా అతను మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదు. కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది. ఇద్దరూ కలిసి చేరిన రోజున ఇద్దరికీ జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు ఒకరి తప్పు ఒకరు కప్పుకోవడానికి మూడో మనిషిని వెతుక్కుంటున్నారు.

"పైవాళ్ళకి ఇప్పుడే ఫోన్ చెయ్యి," అంది. "నా పేరు చెప్పు. నీ పేరు చెప్పుకుంటావో మానతావో నీ ఇష్టం."

"ఆలోచించుకో. ఇంట్లో ఇద్దరు సంపాదించేవాళ్ళలో—"

"ఆలోచించే మాట్లాడుతున్నా. ఒక్క సంగతి చెప్పు. తప్పు మనిషిది అని తేల్చేస్తే, ఆ ప్లగిన్‌ని ఎవరన్నా ముట్టుకుంటారా?"

"ఎందుకు ముట్టుకుంటారు?"

"అంటే అది అలాగే పచ్చిగా చదువుతూ ఉంటుంది. ఖాళీ కనిపిస్తే అలాగే పాతది వేస్తూ ఉంటుంది."

"తలుపుల ఫైల్లో నంబరు మళ్ళీ రాసేశాంగా."

"తలుపుల ఫైల్లో రాశాం. మిగతావాటిలో?"

సర్దుబాటు మొహంలో రంగు మారడం ఆవిడ చూసింది. అతనికి కూడా అప్పుడే గుర్తొచ్చింది. తలుపుల ఫైలు అంత శుభ్రంగా ఉందని, మరిదిని అందరి ముందు మెచ్చుకుని, "చూసి నేర్చుకోండి" అని మీటింగులో అన్నది అతనే. జనం నేర్చుకున్నారు, తమ ఫైళ్ళలోనూ నంబర్లు తీసేశారు. మెప్పు వస్తుందంటే ఎవరు మాత్రం మానతారు?

ఆవిడ ఇప్పుడు కూర్చుంది. ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, ప్లగిన్ కళ్ళతోనే అన్ని ఫైళ్ళనూ పచ్చిగా చదవమంది. తెర మీద పేర్లు దిగడం మొదలైంది. దీపాల ఫైలులో నంబరు లేదు. పోతేపోయింది, పాత దీపం వెలిగితే ఎవరికీ నష్టం లేదు. గంట ఫైలులో నంబరు ఉంది, అది రాసినాయన పాత కాలపు మనిషి, దేన్నీ మార్చడు. ఫ్యాను ఫైలు ఖాళీ. ఆవిడ వేలు తెర మీద మెల్లిగా కిందికి జారుతూ ఒక పేరు దగ్గర ఆగిపోయింది.

బ్రేకు. పేరుంది, కింద వివరాలున్నాయి, నంబరు లేదు.

"మొట్టమొదటి బ్రేకు కోడు నీకు గుర్తుందా?" అని అడిగింది.

అతనికి గుర్తుంది. ఇద్దరికీ గుర్తుంది. సినిమాల్లోలాగా తాడు తెగి లిఫ్టు కింద పడిపోవడం లాంటిదేం కాదు. అంతస్తు దగ్గర ఆగి తలుపు తెరుచుకున్నాక, ఆ పాత బ్రేకు గట్టిగా పట్టి ఉంచదు. మెల్లిగా జారనిస్తుంది. లోపల జనం తక్కువుంటే తాడుకు అవతలి కొసన కట్టిన ఎదురు బరువుదే పైచేయి, కాబట్టి లిఫ్టు జారేది కిందికి కాదు, పైకి. తలుపు తెరిచే ఉంటుంది. సగం లోపలా సగం బయటా ఉన్న మనిషి పరిస్థితి ఏమవుతుందో తెలిసే ఆ కోడును మొదటి ఏడాదే మూలన పడేశారు.

"ఇవాళ్టి ప్యాకెట్ ఎక్కడుంది?"

"ఊళ్ళోకి సాయంత్రం పోవాలి. ఇంకా పోలేదు. ఆపేద్దాం, ఇప్పుడే ఆపేద్దాం." అతను ఫోను అందుకోబోయి ఆగిపోయాడు. "కానీ..."

"మన లిఫ్టుకు?"

"భోజనాలవేళ ఎక్కించేశారు."

గాజు గోడలోంచి బిల్డక్క హాలు వైపు చూసింది. పొద్దున కాఫీకి వెళ్ళి ఉంటాడనుకున్న మరిది ఇప్పటికీ లేడు. అతని బల్ల మీద పుస్తకాల దొంతర లేదు, తోడికోడలు ఇచ్చి పంపిన నీళ్ళ సీసా లేదు. కుర్చీని బల్ల కిందికి శుభ్రంగా తోసేసి ఉంది.

"మా మరిదేడీ?"

"సామాను సర్దుకుని వెళ్ళిపొమ్మన్నాను. నువ్వు చూడకముందే వెళ్తానన్నాడు." సర్దుబాటు కూడా హాలు వైపు చూశాడు. "కిందికి వెళ్ళి వాచ్‌మన్‌తో ఏవో కాగితాల పనులు చూసుకుని, మళ్ళీ పైకొచ్చి పెట్టె తీసుకెళ్ళాడు. ఇందాక నువ్వు తెర మీద పేర్లు చదువుతుండగా గాజులోంచి కనిపించాడు, లిఫ్టు వైపు వెళ్తూ."

ఆవిడ అప్పటికే లేచి నిలబడి ఉంది. మోకాళ్ళు అభ్యంతరం చెప్పినా వినే తీరికలో లేదు. ఫోను చెవికి ఆనించుకుని లిఫ్టు వైపు పరుగులాంటి నడక నడిచింది. ఒక్క మోతకే మరిది ఎత్తాడు. మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది.

"వదినా, నేనే చేద్దామనుకుంటున్నా. పుస్తకాల పెట్టె బరువుగా ఉందని లిఫ్టెక్కాను. రెండో అంతస్తులో ఎవరో నొక్కేసి పోయినట్టున్నారు, ఆగి తలుపు తెరుచుకుంది. ఎవరూ ఎక్కలేదు. తలుపు మూసుకోకుండానే కాస్త పైకి జరిగి ఆగిపోయింది."

"ఇప్పుడెలా ఉంది?"

"ఎదురుగా సగం గోడ. కింద సందులోంచి రెండో అంతస్తు నేల కనిపిస్తోంది. మనిషి పట్టేంత సందుందిలే. పెట్టె ఇక్కడే వదిలేసి కిందికి దిగిపోతాను, కంగారేం లేదు."

"వద్దు!" అరుపు విని హాల్లో తలలన్నీ లేచాయి. "దిగకు. ఆ సందులో కాలు కూడా పెట్టకు. బ్రేకు పాతది."

అతనికి విడమరిచి చెప్పక్కర్లేదు.

"ఫైల్లో నంబరు లేదా?" అన్నాడు మెల్లిగా.

"లేదు. ప్లగిన్ పాతది వేసింది. నా ప్లగిన్."

"ఆ మాట అక్కడెవరి ముందూ అనకు వదినా."

"అనేశాను. సర్దుబాటుకి అంతా చెప్పేశాను."

"ఎందుకు చెప్పావు? నేను అంతా సరిచేసి వచ్చాను కదా." అతని గొంతులో భయం కంటే నిరాశ ఎక్కువగా వినిపించింది. అది విని బిల్డక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వెనకాల సర్దుబాటు వచ్చి నిలబడ్డాడు. ఆవిడ ఫోను చేత్తో మూసి, "పైన మిషను గదికి పో. కరెంటు తీసేస్తే బ్రేకు దానంతటదే బిగుసుకుంటుంది. తాళాలు వాచ్‌మన్ దగ్గరుంటాయి, కేకేసి పిలువు," అంది. మెట్ల వైపు పరిగెత్తుతున్న అతన్ని చూసి, ఈ మనిషి పరిగెత్తగా చూడటం ఇదే మొదటిసారి అనుకుంది. తను కిందికి బయలుదేరింది. చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతూ, ఫోను చెవి నుంచి తీయలేదు.

"ఉన్నావా?"

"ఉన్నా వదినా."

"మన ఇంట్లో నీకు ఎవరూ ఏదీ ముందు చెప్పరుగా. ఇదొక్కటి ముందే చెబుతున్నా, బుద్ధిగా విను. తలుపు వైపు రావద్దు. వెనక గోడకి ఆనుకుని కింద కూర్చో. కాళ్ళు ముడుచుకో. కరెంటు పోయేదాకా కదలొద్దు. నేను వచ్చేస్తున్నా."

"మెట్ల మీద వస్తున్నావా? నీ మోకాళ్ళు—"

"నా మోకాళ్ళ సంగతి నీకెందుకు? కూర్చున్నావా లేదా?"

"కూర్చున్నా."

నాలుగో అంతస్తు మలుపు దాటింది. పైనుంచి వాచ్‌మన్‌ను పిలుస్తున్న సర్దుబాటు కేక మెట్లదారంతా మోగింది. బదులు రాలేదు. పొద్దున కనిపించిన ఖాళీ క్యాను ఆవిడకు గుర్తొచ్చింది. మళ్ళీ నీళ్ళ కోసం వీధిలోకి పోయి ఉంటాడు, తాళాల గుత్తి అతని నడుముకే వేలాడుతూ ఉంటుంది.

"వదినా."

"ఊఁ, చెప్పు."

"నువ్వు చెప్పినట్టే వెనక్కొచ్చి కూర్చున్నా. పెట్టె మాత్రం తలుపు దగ్గరే ఉండిపోయింది."

"పెట్టె పోతే పోనీ. దాని జోలికి వెళ్ళకు."

"వెళ్ళనులే. కానీ ఇందాక ఆ సందు మనిషి పట్టేంత ఉంది కదా..."

ఆవిడ మెట్టు మీద ఆగిపోయింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు పెట్టె కూడా పట్టదు."